సున్నపు వాకిలి

ఒక ఊరికీ, దాని పక్కనున్న రేలతోటకీ మధ్య రాతి గోడ ఉంది. ఆ గోడకి ఒకే ఒక్క వాకిలి. ఏడాదికి ఒక్కరోజు, రేలపూలు పసుపు ముద్దల్లా విరగబూసిన రోజున, ఊళ్ళోని పెళ్ళికాని ఆడపిల్లలు ఆ వాకిలి దాటి తోటలోకి వెళ్తారు. అక్కడ చెట్టుచెట్టుకీ ఉయ్యాల కట్టి ఉంటుంది. ఏ అబ్బాయి ఏ అమ్మాయిని పిలిచి తన ఉయ్యాల మీద పక్కన కూర్చోబెట్టుకుంటే వాళ్ళిద్దరికీ పెళ్ళి.

అబ్బాయిలు వాకిలి దాటక్కర్లేదు. వాళ్ళ కోసం గోడకి నిచ్చెన వేసి ఉంటుంది. ఇటు ఎక్కి అటు దిగుతారు. నిచ్చెన ఎవరినీ కొలవదు.

వాకిలి కొలుస్తుంది. అది చాలా ఇరుకు. పట్టిన పిల్ల తోటలోకి వెళ్తుంది, పట్టని పిల్ల ఇంటికి తిరిగొస్తుంది. వరసగా మూడు పండగలు దాటలేకపోతే వాకిలి పెద్ద ఆ పిల్ల పేరు మళ్ళీ పిలవడు. ఆ వాకిలి పెద్ద అంటే, గోడ పక్కన అరుగు మీద కూర్చునే ముసలాయన. ఏడుస్తూ తిరిగొచ్చే ప్రతి పిల్లకీ ఆయన ఒకే మాట చెబుతాడు.

"వాకిలి తప్పు చెయ్యదమ్మా. రాయి కదా, పెరగదు, తరగదు. పెరిగేది మనిషే."

ఆ ఊళ్ళో ఇంకో ఆచారం కూడా ఉంది. దాటిన పిల్ల ఇంటివాళ్ళు సంతోషం కొద్దీ వాకిలికి అయిదు పూతల సున్నం వేయిస్తారు. దాటలేని పిల్ల ఇంటివాళ్ళు తప్పు ఒప్పుకుంటూ అయిదు పూతలు వేయిస్తారు. పాత పూత గీకడం మాత్రం ఎన్నడూ లేదు. అలా గీకితే పోయిన పెద్దల ఒంటి మీద తోలు ఒలిచినట్టేనని వాళ్ళ నమ్మకం.

ఆ పూతలు వేసేది ఒక పిల్ల. తల్లి చేతుల్ని సున్నం తినేసి, ఆవిడ పని చెయ్యలేకపోతే ఆ కుంచె కూతురి చేతికి వచ్చింది. అందరూ ఆమెని సున్నం పిల్ల అనేవారు.

సున్నం పిల్ల లావుగా ఉండేది. గుండ్రటి ముఖం, గుండ్రటి భుజాలు. నవ్వితే బుగ్గలు కళ్ళని మూసేసేవి. నిండు కావిడి భుజాన వేసుకుని సున్నపు బట్టీ నుంచి వాకిలి దాకా ఆగకుండా నడిచేది. ఆ బలం ఎవరికీ కనపడేది కాదు. రెండు పండగల్లో ఆమె వాకిలి దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఇది మూడోది.

ఊరంతా ఆమెకి వైద్యులే.

"పొద్దున్నే వేణ్ణీళ్ళు తాగవే, కొవ్వు కరిగి పోతుంది," అనేది ఒకావిడ.

"అన్నం మానేసి జొన్నరొట్టె తిను," అనేది ఇంకొకావిడ.

"ముందు ఆ నోరు కట్టుకోమను. మా కాలంలో మేం దాటలేదూ? ఇప్పటి పిల్లలకి తిండి మీద అదుపేదీ," అనేది మూడో ఆవిడ. ఆవిడ ఇటుపక్క అరుగు మీద ఇద్దరు పట్టే చోటులో ఒక్కతే కూర్చుని ఉండేది. ఆమె వయసులో ఉన్నప్పుడు కూడా ఇంచుమించు అంతే ఉండేదని ఊళ్ళో ముసలివాళ్ళకి తెలుసు. కానీ ఆమె దాటింది. దాటిందంటే అదుపున్నట్టే లెక్క.

సున్నం పిల్ల తల్లి ఇంట్లో ఒకలా, వీధిలో ఒకలా ఉండేది. ఇంట్లో, "తినవే, కావిడి మోసే ఒళ్ళు, తినకపోతే పడిపోతావు," అని కంచంలో ఇంకో ముద్ద వేసేది. వీధిలో, "ఎంత చెప్పినా వినదమ్మా, నేనేం చెయ్యను," అని చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

పిల్ల కూడా అమాయకురాలేం కాదు. నలభై రోజులు అన్నం మానేసి, నలభై ఒకటో రోజు వేరుశనగ ఉండలు ఆరు తిన్న సంగతి ఆమెకి గుర్తుంది. తింటున్నప్పుడు ఎంత హాయిగా ఉందో కూడా గుర్తుంది. ఆ తప్పు నాదే అనుకునేది. అనుకుని, ఆ తప్పుని కూడా కావిట్లో వేసుకుని మోసేది.

కానీ ఆమెకి లావు కన్నా పెద్ద బాధ ఒకటుంది. ఆమె పిన్ని కూతురు.

పిన్ని కూతుర్ని ఊరంతా తీగ అని పిలిచేవారు. తీగ మెడ కింద రెండు గుంటలు ఉండేవి. వాన కురిస్తే వాటిలో నీళ్ళు నిలుస్తాయేమో అన్నట్టు ఉండేవి. ఆమె నడిస్తే పరికిణీ నేల మీద నీడలా జారేది తప్ప అడుగుల చప్పుడు వినపడేది కాదు. ఆమె ఇప్పటికే రెండుసార్లు వాకిలి దాటింది. రెండుసార్లూ ఏ కుర్రాడో పిలిచినా వినపడనట్టు ఊరుకుని, సాయంత్రం తిరిగొచ్చేసింది. ఆమె ఎవరి పిలుపు కోసం చూస్తోందో సున్నం పిల్లకి తెలుసు.

ఇద్దరికీ ఒకడే బావ. మేనమామ కొడుకు. తోట అవతల గోగునారతో తాళ్ళు పేనుతాడు. పండగ ఉయ్యాలలకి తాళ్ళన్నీ అతనివే.

తీగ అతని గురించి ఆలోచిస్తోందంటే చాలు, సున్నం పిల్లకి కడుపులో మంట మొదలయ్యేది. కాల్చిన సున్నపు గుల్లల మీద నీళ్ళు పోసినప్పుడు సున్నం కుతకుతా ఉడుకుతుంది. కాసేపటికి పైన తెల్లగా, పాలు తోడుకున్నట్టు చల్లగా కనపడుతుంది. వేలు పెట్టినవాళ్ళకే లోపలి సంగతి తెలుస్తుంది. ఆమె కూడా చెల్లెలి జడ అల్లుతూ, పూలు పెడుతూ, పైకి అలాగే ఉండేది. జడ అల్లుతున్నప్పుడు ఆ సన్నటి మెడ చూసి, దీన్ని దేవుడు తీరిగ్గా కూర్చుని చెక్కాడు, నన్ను ముద్ద చేసి విసిరేశాడు అనుకునేది.

బావ అప్పుడప్పుడూ నిచ్చెన దిగి ఇటు వచ్చేవాడు. సున్నం పిల్ల పూత వేస్తుంటే నిచ్చెన మూడో మెట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు.

"మరదలు పిల్లా, ఈసారి నీ కోసం వేరే తాడు పేనాను," అన్నాడు ఒకరోజు. "నాలుగు పేటలు. ఏనుగు కూర్చున్నా తెగదు."

"అయితే ఏనుగునే పిలుచుకో బావా," అంది ఆమె కుంచె ఆపకుండా.

"ఏనుగు ఈ వాకిట్లో పట్టదుగా మరి."

అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఆమె గట్టిగా నవ్వింది. అతను నిచ్చెన మీంచి పడబోయి తమాయించుకునేంతగా నవ్వింది. అతనూ నవ్వాడు. ఇంటికెళ్ళాక ఆమె ఒక మూల కూర్చుని ఆ మాటని పంటి కింద పడ్డ రాయిలా నములుకుంది.

అదే రోజు తీగ బిందెతో అటుగా వచ్చింది. బావ మాటలు ఠక్కున ఆగిపోయాయి. తాడు ముక్క వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. తీగ తల వంచుకుని వెళ్ళిపోయింది. నాతో అయితే వాగుతాడు, దాన్ని చూస్తే మాట పడిపోతుంది, ప్రేమంటే ఇదేగా అనుకుంది సున్నం పిల్ల. ఆ రోజు వేసిన పూత గరుకుగా వచ్చింది.

కిందటి పండగ రోజు ఆమె ఒక పని చేసింది. అందరూ వెళ్ళిపోయాక బావ పారేసిన తాడు ముక్క తీసుకుని, వాకిలి ఈ చెంప నుంచి ఆ చెంప దాకా పట్టి, సరిగ్గా ఆ కొలతకి ఒక ముడి వేసుకుంది. ఇంట్లో గోడకీ భోషాణానికీ మధ్య ఆ కొలతంత సందు వదిలి భోషాణాన్ని జరిపింది. ఏడాది పొడవునా రోజూ ఆ సందులో దూరడానికి చూసింది. మొదట్లో భుజం కూడా పట్టలేదు. తర్వాత భుజం పట్టింది. జొన్నరొట్టెలు, మజ్జిగ, కావిళ్ళు, కన్నీళ్ళు. పండగ ఇంకా వారం ఉందనగా, ఒక పొద్దున్న ఆమె ఆ సందులోంచి అవతలకి వచ్చేసింది.

నమ్మలేక మళ్ళీ దూరింది. మళ్ళీ వచ్చింది. భోషాణం మీద తల పెట్టుకుని కాసేపు ఊరికే నిలబడింది. ఆ క్షణంలో ఆమెకి ఈ లోకంలో ఎవరి మీదా కుళ్ళు లేదు. తీగ మీద కూడా లేదు.

పండగ నాలుగు రోజులుందనగా కుంచె, కుండా పట్టుకుని వాకిలి దగ్గరికి వెళ్ళింది. మిట్టమధ్యాహ్నం. వాకిలి పెద్ద భోజనానికి వెళ్ళాడు. ముచ్చటకి తాడు తీసి చెంప నుంచి చెంపకి పట్టి చూసుకుంది.

ముడి వాకిట్లో పట్టలేదు. రెండు వేళ్ళ మందం బయటికి వచ్చేసింది.

తాడు సాగిందేమో అనుకుంది. బావ తాళ్ళు సాగవు. మళ్ళీ పట్టింది. పైన పట్టింది, కింద పట్టింది. వాకిలి రెండు వేళ్ళు సన్నబడింది.

ఆమె వాకిలి చెంపని చేత్తో తడిమింది. నున్నగా, చల్లగా, గుండ్రంగా ఉంది. రాయి ఇంత గుండ్రంగా ఎందుకుంటుంది అని మొదటిసారి అనిపించింది. గోటితో గీరింది. తర్వాత కుంచె పిడితో పొడిచింది. అరచెయ్యంత పెచ్చు ఊడి కాళ్ళ దగ్గర పడింది. లోపల ఇంకో తెలుపు. పొడిచింది, ఇంకో తెలుపు. కొన్ని పొరలు నీలిమందు ఎక్కువై నీలంగా ఉన్నాయి, కొన్ని పాతబడి పసుపుగా ఉన్నాయి. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలుస్తూనే ఉంది. చివరికి ఆమె చెయ్యి మోచేతి దాకా సున్నంలోకి వెళ్ళాక వేళ్ళకి ఎర్రరాయి తగిలింది.

రాతిలో అడ్డంగా ఒక గాడి ఉంది. గాడిలో నల్లటి జిడ్డు ఇంకా ఉంది. ఆమె వేలు బయటికి తీసి వాసన చూసింది. కందెన. బండి ఇరుసుకి రాసే కందెన.

అది ఆడపిల్లలు దూరే సందు కాదు. రెండెడ్ల బండి ధాన్యం బస్తాలతో వెళ్ళే వాకిలి.

ఆమెకి ముందు నవ్వొచ్చింది. తర్వాత తన చేతుల వంక చూసుకుంది. ఈ అయిదేళ్ళ పూతలన్నీ ఆ చేతులవే. అంతకు ముందువి అమ్మవి. దాటిన పిల్ల సంతోషం, దాటని పిల్ల సిగ్గు, రెండూ కలిపి వాళ్ళే నున్నగా పూశారు.

"అక్కా, ఏం చేస్తున్నావు?"

తీగ. బిందె చంకన పెట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. ఆమె అడుగుల చప్పుడు వినపడదు కదా.

"ఇటు చూడు. చెయ్యి పెట్టి చూడు. ఇది బండ్ల దారే. నాలుగు రోజులు గీకితే ఊళ్ళో ఒక్క పిల్ల కూడా ఇటు మిగలదు."

తీగ చెయ్యి పెట్టింది. ఎముకలే కనపడే ఆ చెయ్యి లోపలికి ఇట్టే వెళ్ళిపోయింది. ఎర్రరాయి తగిలాక ఆమె మొహం తెల్లబడింది. బిందె కింద పెట్టి ఆ పక్కనే కూర్చుండిపోయింది.

"గీకొద్దక్కా."

"ఏం?"

"నేను తొమ్మిదో ఏట నుంచి కడుపు నిండా తినలేదు. అన్నం వండే వాసనొస్తే వీధిలోకి వెళ్ళిపోతాను. నీకు తెలీదు, నిద్రలో నేను నములుతానంట, అమ్మ చెప్పింది. ఇదంతా దీని కోసమే. నువ్వు గీకితే అందరూ వెళ్తారు. అందరూ వెళ్తే నన్నెవరు చూస్తారు?"

"నిన్నా? నిన్ను చూడనిదెవరే? బావకి నిన్ను చూస్తే మాట రాదు."

తీగ తల అడ్డంగా ఊపింది. "నీతో అయితే మాటలు ఆగవు కదా. నువ్వు నవ్వితే నిచ్చెన మీంచి పడబోతాడు. నన్ను చూసి ఎవరైనా ఎప్పుడైనా పడబోయారా? నువ్వు వేరుశనగ ఉండ కొరుకుతుంటే పక్కన కూర్చుని చూస్తాను చూడు, అప్పుడు నిన్ను గిల్లెయ్యాలనిపిస్తుంది. అంత హాయిగా ఎలా తింటావే అనిపిస్తుంది. నీకు అన్నీ ఉన్నాయక్కా. నాకున్నది ఈ వాకిలి ఒక్కటే. దాన్ని కూడా తీసెయ్యకు."

తన మీద కూడా ఒకరు కుళ్ళుకుంటారని సున్నం పిల్ల కలలో కూడా అనుకోలేదు. జాలేసింది. తడి సున్నం ముద్ద చేసి ఆ కన్నంలో కూరి, పైన నున్నగా పూసేసింది. "సరే, గీకనులే," అంది.

తీగ కళ్ళు తుడుచుకుని లేచింది. బిందె ఎత్తుకుంటూ, "ఈసారి బావ నన్నే పిలుస్తాడనిపిస్తోంది. పిలిస్తే నీకూ సంతోషమేగా అక్కా," అంది. అమాయకంగానే అంది. అని వెళ్ళిపోయింది.

ఆ ఒక్క మాటతో జాలి అంతా ఆవిరైపోయింది.

సున్నం పిల్ల వాకిట్లో నిలబడి తోట వైపు చూసింది. పసుపు పూల కింద ఖాళీ ఉయ్యాలలు గాలికి కదులుతున్నాయి. ఒకదాని మీద బావ, పక్కన తీగ, ఆమె జడలో తను పెట్టిన పూలు. అంత స్పష్టంగా కనపడింది. నాలుగు పేటల తాడు కూడా కనపడింది, మడత విప్పకుండా కొమ్మకి వేలాడుతూ.

మర్నాడు ఆమె సున్నం చిక్కగా కలిపింది. జిగురు ఎక్కువ వేసింది. తీగ అడిగినట్టే గీకలేదు. పూసింది. ఎవరూ అడగని పూతలు, ఎవరి మొక్కూ కాని పూతలు. ఒకటి ఆరకముందే ఇంకొకటి. మూడు రోజులు, పొద్దుట నుంచి పొద్దుగూకే దాకా. నేను ఎలాగూ దాటను, అదీ దాటకూడదు. అంతే అనుకుంది. ఆమె పుట్టాక అంత అందంగా ఎప్పుడూ పూయలేదు. వాకిలి పెద్ద వచ్చి చూసి, "వెన్నలా ఉందమ్మా. నీ భక్తికి ఈ ఏడైనా ఫలితం దక్కాలి," అన్నాడు.

పండగ రోజు ఊరంతా వచ్చింది. తోటలో డోళ్ళు మోగుతున్నాయి. అవతల గోడ పక్కన బావ నిలబడి ఇటే చూస్తున్నాడు. వాకిలి పెద్ద ముందుగా తీగని పిలిచాడు. దాటుతుందని అందరికీ తెలిసిన పిల్లని ముందు పిలవడం శుభం.

తీగ పసుపు పరికిణీ కట్టుకుని వచ్చింది. పక్కకి తిరిగింది. ఊపిరి బిగబట్టి వాకిట్లోకి అడుగుపెట్టింది. రెండడుగులు వేసింది. మూడోది పడలేదు.

ముందుకి జరగబోయింది. జరగలేదు. వెనక్కి రాబోయింది. రాలేదు. వాకిలి ఆమెని పొట్ట దగ్గర, వెన్ను దగ్గర పట్టేసుకుంది.

డోళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఏం తిన్నావే?" అంది అరుగు మీది ఆవిడ.

"రెండేళ్ళు దాటాక ధీమా వచ్చేసింది. అంతే, ఒళ్ళు వదిలేసింది," అన్నారెవరో.

"మొన్న చూసినప్పుడే అనుకున్నాను, బుగ్గలు వచ్చాయని."

తీగకి బుగ్గల్లేవు. సున్నం పిల్ల ఆ మాట అన్నావిడ వైపు తిరిగి చూసింది. ఆవిడ నిజంగానే నమ్మి అంటోంది.

తీగ పెదాలు కదిపింది. ఆమె గొంతు గాలిలా వచ్చింది. "నిన్న రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. తప్పు నాదే తాతా."

వాకిలి లోపల ఎర్రరాయిని స్వయంగా తడిమి చూసిన పిల్ల ఆ మాట అంది. ఆ మూడు రోజులూ అక్క పూస్తుంటే దూరం నుంచి చూసిన పిల్ల అంది. అయినా ఆమెకి రాయి గుర్తు రాలేదు, పూతలు గుర్తు రాలేదు. ఆ రెండు ముద్దలే గుర్తొచ్చాయి.

వాకిలి పెద్ద గడ్డం నిమురుకున్నాడు. "కంగారు పడకండి. లాగితే వాకిలికి దెబ్బ. రెండు రోజులు తిండీ నీళ్ళూ లేకుండా అక్కడే ఉంటే ఒళ్ళు తగ్గి తనే ఊడి వస్తుంది."

అందరూ తలలూపారు. తీగ తల్లి కూడా కొంగు నోట్లో కుక్కుకుని తలూపింది.

సున్నం పిల్ల అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. తీగ దాటలేదు. బావ పక్కన ఉయ్యాల ఖాళీగా ఉంది. ఆమె మూడు రోజులు తలుచుకుని తలుచుకుని ఆనందించిన క్షణం ఇదే. కానీ ఆ సన్నటి మెడ మీద చెమట ధారలు చూస్తుంటే ఆమెకి ఆనందం ఎక్కడా దొరకలేదు. వెతికింది కూడా.

"నేనే పూశాను," అంది.

"తెలుసమ్మా, బాగా పూశావు," అన్నాడు పెద్ద.

"అది కాదు తాతా. దీన్ని ఆపాలని పూశాను. ఎవరూ అడగని పూతలు, చిక్కగా పూశాను. అది దాటకూడదని."

"పూత ఎవరు ఎందుకు వేసినా పుణ్యమే."

"ఆ పూతల వల్లే వాకిలి ఇరుకైంది. దీని లోపల బండ్ల దారి ఉంది. అది తిన్న రెండు ముద్దలకీ దీనికీ ఏం సంబంధం లేదు."

జనంలో నవ్వు మొదలైంది. పెద్ద నవ్వు కాదు, చిన్నది, ముక్కుతో నవ్వే నవ్వు.

"లావుపిల్ల కదూ, వాకిలి మీద పడి ఏడుస్తోంది," అంది అరుగు మీది ఆవిడ. "చెల్లెలు దాటుతోందని కుళ్ళు."

"కుళ్ళే," అంది సున్నం పిల్ల. "అదే చెబుతున్నాను."

గుల్లలు పగలగొట్టే సుత్తి ఆమె కావిట్లోనే ఉంది. అది తీసుకుని వాకిలి దగ్గరికి నడిచింది. వాకిలి పెద్ద తన కర్ర అడ్డం పెట్టాడు. రోజూ రెండు కుండలు మోసే భుజంతో ఆమె ఆ కర్రని మెల్లగా పక్కకి తోసేసింది. తీగ తల పక్కన తన చెయ్యి అడ్డం పెట్టి, వాకిలి చెంప మీద మొదటి దెబ్బ వేసింది.

సున్నం అరిచినట్టు చప్పుడైంది. పెచ్చులు, తర్వాత పలకలు, తర్వాత మనిషంత దిమ్మెలు. నీలం పొరలు, పసుపు పొరలు, తాతల నాటి పూతలు, అమ్మమ్మల నాటి సిగ్గులు అన్నీ కూలి ధూళిగా లేచాయి. ఆమె రెండో చెంప కూడా వదల్లేదు. ధూళి తగ్గేసరికి ఎర్రరాయి రెండు పక్కలా తడి గాయంలా మెరుస్తోంది. బండి ఇరుసులు గీసిన గాడులు అందరికీ కనపడుతున్నాయి. మధ్యలో సున్నపు కుప్ప మీద తీగ కూర్చుని ఉంది. తెల్లగా, వణుకుతూ.

ఆ తర్వాత అరుగు మీది ఆవిడ, "ఇప్పుడిక దాటడంలో గొప్పేముంది?" అంది.

"మరి మేం ఎండి ఎండి చచ్చింది దేనికి?" అంది కిందటేడు దాటిన పిల్ల ఒకతె. ఆమె గొంతులో కోపం కాదు, ఇంకేదో ఉంది. తను పడ్డ పాట్లు తన తర్వాతివాళ్ళు పడక్కర్లేదని తెలిస్తే కలిగేది.

తీగ అక్క వంక తలెత్తి చూసింది. సున్నం పిల్ల తిట్టు కోసం ఎదురుచూసింది.

"తినడానికేమైనా ఉందా అక్కా?"

కావిట్లో మూటకట్టి తెచ్చుకున్న జొన్నరొట్టె, గోంగూర పచ్చడి ఉన్నాయి. సున్నం పిల్ల మూట విప్పి ఇచ్చింది. తీగ ఊరందరి ముందు, సున్నపు చేతులు పరికిణీకి తుడుచుకుని, మొదటి ముక్క తుంచుకుంది. ఆమె నములుతుంటే కొంతమంది మొహం తిప్పుకున్నారు, చూడకూడనిదేదో చూసినట్టు. తీగ మాత్రం తిప్పుకోలేదు. ఒక్క రొట్టె తినడానికి అంతసేపు తీసుకున్న మనిషిని సున్నం పిల్ల ఎప్పుడూ చూడలేదు. చివర్లో సగం ముక్క అక్క చేతిలో పెట్టింది. ఇద్దరూ క్షమించమని అడగలేదు, క్షమించానని చెప్పలేదు.

ఎవరూ పేర్లు పిలవలేదు. అయినా పిల్లలు మెల్లగా లేచారు. ఒకరి వెనక ఒకరు వాకిలి వైపు నడిచారు. నిరుడు తిరిగొచ్చినవాళ్ళు, అంతకు ముందేడు తిరిగొచ్చినవాళ్ళు, పేరు పిలవడం మానేసి ఏళ్ళయిపోయిన ఒకావిడ కూడా. తీగ రొట్టె పొడి దులుపుకుని వాళ్ళలో కలిసింది.

సున్నం పిల్ల అందరికన్నా చివర వాకిలి ముందుకి వచ్చింది. అవతల రేలచెట్టు కింద బావ నాలుగు పేటల తాడు విప్పి, ఉయ్యాలకి ముడి వేస్తూ నిలబడి ఉన్నాడు. ఆమెని చూడగానే, "ఇటు రా," అని పిలిచాడు. ఇన్నాళ్ళూ ఆమె ఆ పిలుపుని ఎన్ని రకాలుగా ఊహించుకుందో లెక్కలేదు. ఇంత మామూలుగా ఉంటుందని మాత్రం ఊహించలేదు.

ఆమె వాకిలి దాటి అటు వెళ్ళింది.

బావ చేతిలో ముడి అలాగే పట్టుకుని ఆమెని వింతగా చూశాడు. తర్వాత ఆమెకన్నా ముందు దాటిన పిల్లల వంక చూశాడు. మళ్ళీ ఆమె వంక చూశాడు.

"బండి పట్టేంత దారుంది," అన్నాడు. "మీరంతా అలా పక్కకి తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని వస్తున్నారేంటి?"

"ఎలా?" అంది ఆమె.